అడవిగా మారిన పెరటికి బ్రష్ కట్టర్ ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లలు ఉద్యోగాల కోసం ఊరు దాటి వెళ్లగా, పెద్దవాళ్లు కూడా వాళ్ల దగ్గరికే చేరడంతో తాళాలు పడిన ఇళ్లు హనుమకొండ పాత కాలనీల్లో చాలానే ఉన్నాయి. మా ఇల్లు కూడా కొన్నేళ్లు అలాగే ఉండిపోయింది. వయ్యారిభామ అనే కలుపు మొక్క నడుము ఎత్తున కమ్ముకుని, సర్కారు తుమ్మ ప్రహరీని దాటి పెరిగి, వెనుక ఉన్న చేదబావి దగ్గరికి దారి కూడా కనిపించకుండా పోయింది. ఆ జాగాను మళ్లీ పెరడుగా మార్చుకోవడానికి అద్దెకు తెచ్చి వాడిన పెట్రోల్ బ్రష్ కట్టర్ (పొడవైన గొట్టం చివర తిరిగే బ్లేడుతో గడ్డి, పొదలు కోసే యంత్రం) గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. దట్టంగా పెరిగిన చోట దారి తెరవడానికి దీనికి సాటి లేదు. అయితే పెరడు బాగుచేసే పని దీనితో మొదలవుతుందే తప్ప పూర్తి కాదు. అందువల్ల ఒక్క ఇంటి పెరటి కోసమైతే దీన్ని కొనవలసిన అవసరం లేదు, అద్దెకు తెచ్చుకుంటే చాలు.

నేను వాడిన యంత్రంలో ఉన్నది హోండా జీఎక్స్ 35 ఇంజిన్. ఇది 35.8 సీసీ ఫోర్ స్ట్రోక్ రకం. టూ స్ట్రోక్ యంత్రాలకు పెట్రోలులోనే ఆయిల్ కొలిచి కలపాలి. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ కమ్మేస్తుంది. ఇందులో ఆయిల్‌కు వేరే చోటు ఉంటుంది, అది పట్టేది 100 మిల్లీలీటర్లే. బంకులో పోయించుకున్న పెట్రోలును నేరుగా వాడుకోవచ్చు. ఎటు వంచినా ఇంజిన్ ఆగదు కాబట్టి ప్రహరీ మూలల్లోనూ, మెట్ల పక్కన ఉన్న వాలులోనూ ఇబ్బంది లేకుండా పనిచేసింది. పొగ తక్కువగా ఉండడం ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే కాలనీలో చిన్న విషయమేమీ కాదు.

దీనికి అమర్చే కోత సామాను మీదే పని నాణ్యత ఆధారపడి ఉంటుంది. నైలాన్ దారం మెత్తటి గడ్డికి, గోడ అంచులకు, కుండీల చుట్టుపక్కలకు సరిపోతుంది. మూడు పళ్ల ఇనుప బ్లేడు బలిసిన వయ్యారిభామ కాడలను, ముదిరిన గడ్డి దుబ్బులను సునాయాసంగా నరుకుతుంది. వేలి లావు దాటిన తుమ్మ కొమ్మలకు రంపపు పళ్ల గుండ్రటి బ్లేడు కావాలి. తీగలు అల్లుకున్న చోట మాత్రం ఏది పెట్టినా అవి బ్లేడు బిగించే చోట చుట్టుకుపోయి మాటిమాటికీ ఇంజిన్ ఆపవలసి వచ్చింది కాబట్టి, తీగలను ముందే కొడవలితో కోసి లాగేయడం మంచిది. పైనుంచి చూస్తే బ్లేడు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే కుడి నుంచి ఎడమకు ఊపుతూ కోస్తే కోసిన చెత్త ఎడమ పక్కన వరుసగా పడుతుంది. బ్లేడు కుడి వైపు ముందు అంచు మొద్దుకో రాయికో తగిలితే యంత్రం ఒక్కసారిగా పక్కకు తన్నుతుంది. రాళ్లు ఎగిరి వచ్చే వేగం కూడా తక్కువేమీ కాదు. ముఖానికి జాలీ, కాళ్లకు గమ్ బూట్లు లేకుండా దీన్ని భుజానికి తగిలించుకోకూడదు, చుట్టూ పదిహేను మీటర్ల దూరంలో మనుషులెవరూ ఉండకూడదు. చిన్న పెరట్లో అంత ఎడం దొరకదు కాబట్టి, పని జరిగినంతసేపూ ఇంట్లోవాళ్లు తలుపులు వేసుకుని లోపలే ఉండాలి, పక్కింటివాళ్లకు ముందే చెప్పాలి.

ఇంజిన్ స్టార్ట్ చేసే తాడు లాగడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. పొడవైన కర్రతో పొదలను కదిలిస్తూ, గడ్డపారతో నేలను పొడుస్తూ పెరడంతా ఒకసారి నడవాలి. మన పాత ఇళ్లలో చేదబావులు ఉంటాయి, వాటి మీద వేసిన రేకులు తుప్పు పట్టి ఉంటాయి, పైన గడ్డి కమ్మేసి ఉంటుంది. విరిగిన సీసాలు, ముళ్ల తీగ, పాత ఇటుకల కుప్పలు కూడా ఆ గడ్డిలోనే ఉంటాయి. ఇటుకల కుప్పల్లో పగటిపూట కట్లపాము ముడుచుకుని ఉండవచ్చు. రక్తపింజర బుస గట్టిగానే వినిపిస్తుంది, కానీ ఇంజిన్ మోతలో ఆ హెచ్చరిక మన చెవిన పడదు. ఈ యంత్రంతో ఉన్న అసలు ప్రమాదం ఇదేనని నేను అనుకుంటాను. ఏదైనా జరిగితే మంత్రాల జోలికి, కట్లు కట్టే జోలికి పోకుండా 108కు ఫోన్ చేసి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి.

ఇక యంత్రం చేయలేని పని గురించి చెప్పాలి. మన దగ్గర కాంగ్రెస్ గడ్డి అని కూడా పిలిచే వయ్యారిభామను పైపైన కోస్తే అది చావదు. మొదలు దగ్గర కొత్త పిలకలు వేసి, ఈసారి నేలకు దగ్గరగా పూస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి, పూసిన తరువాత కోయడమంటే గింజలను పెరడంతా మనమే చల్లినట్టు. మృగశిర కార్తెలో మొదటి వానలు పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే వేరుతో సహా పీకడమే దీనికి మందు. దాని రసం తగిలితే ఒళ్లు దద్దుర్లు లేస్తుంది, పుప్పొడితో ఆయాసం వచ్చేవాళ్లూ ఉన్నారు. చేతి తొడుగులు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. దేశవ్యాప్తంగా ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామపై అవగాహన వారం జరుపుతారు, కానీ పెరడు ఉన్నవారు అంతవరకు ఆగకుండా జూన్, జూలై నెలల్లోనే పని ముగించుకోవాలి.

తుంగ విషయంలో బ్రష్ కట్టర్ మరీ నిస్సహాయం. దాని బలమంతా నేలలో గొలుసులా అల్లుకున్న గడ్డల్లో ఉంటుంది. పైన కోసిన కొద్ది రోజులకే పచ్చగా మళ్లీ లేస్తుంది. పారతో తవ్వి, గడ్డలను ఏరి, మొలిచినప్పుడల్లా మళ్లీ తవ్వడం తప్ప దారి లేదు. సర్కారు తుమ్మ కూడా నేల మట్టానికి నరికితే మొద్దు నుంచి ముళ్లతో సహా గుబురుగా చిగురిస్తుంది. మొదలు కింద వరకు తవ్వి వేరు బొడ్డెను బయటికి తీయాలి. ఎర్ర చెల్క నేల తడిసి ఉన్నప్పుడు ఈ పని గడ్డపారతో సాధ్యమే, ఎండాకాలంలో అయితే చేతులు బొబ్బలెక్కుతాయి. ఇన్ని తిప్పలెందుకు, గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఎదురవుతారు. ఆ మందును చీడపీడల నివారణ నిర్వాహకులు (పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు) తప్ప ఇతరులు వాడకూడదని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2022లో ఆదేశించింది. ఆదేశం సంగతి పక్కన పెట్టినా, చేదబావి ఉన్న పెరట్లో అటువంటి మందు చల్లడానికి నాకు మనసొప్పదు.

అన్నింటినీ ఒకే తీరున నరికే యంత్రానికి ఏది ఉంచాలో తెలియదు. మా ప్రహరీ పక్కన గునుగు మొలిచి ఉండడం చూసి ఆ వరుసను అలాగే వదిలేశాను, బతుకమ్మ నాటికి అది తెల్లగా, లేత గులాబీ రంగులో పూస్తుంది. ఉంచదలచిన మొక్కలకు పని మొదలుపెట్టక ముందే రంగు గుడ్డ కట్టి గుర్తు పెట్టుకోవడం అవసరం. వేప వంటి చెట్లు ఎదిగి ఉంటే వాటిని కొట్టేముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. కోసిన చెత్తకు నిప్పు పెట్టకుండా, పూతరాని పచ్చి చెత్తను గుంతలో పేడతో కలిపి ఎరువుగా మార్చుకోవచ్చు; పూసినదాన్ని మాత్రం విడిగా మూటగట్టాలి.

అద్దెకు తెచ్చుకునేటప్పుడు దుకాణంలోనే ఇంజిన్ ఒకసారి నడిపి చూడండి. బ్లేడు వెనుక ఉండే రక్షణ కవచం లేని యంత్రాన్ని ఎంత తక్కువ అద్దెకు ఇచ్చినా తీసుకోకండి. రెండు భుజాలకూ వచ్చే బెల్టు అడగండి, ఒక్క భుజానికే బరువంతా పడితే గంట గడిచేసరికి మెడ పట్టేస్తుంది. ఆయిల్ మట్టం చూడండి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి దుమ్ము ఉంటే దులపమనండి, పళ్లు మొద్దుబారిన బ్లేడు ఉంటే మార్చమనండి. ఇంటి అవసరానికి మించి, ఊళ్లో మామిడి తోటో పొలం గట్లో ఉన్నవారు దీన్ని కొనుక్కోవచ్చు. అటువంటివారు కొత్త యంత్రానికి మొదటి పది గంటల తరువాత, ఆపైన ప్రతి యాభై గంటలకు ఆయిల్ మార్చాలి, వానాకాలం పని ముగిశాక ట్యాంకులో పెట్రోలు మిగలకుండా తీసేసి యంత్రాన్ని లోపల పెట్టాలి.