గోల్కొండలో గైడ్‌కి ముందే డబ్బులు ఇచ్చేయకండి

నిన్న జనవరి 26 సెలవు. గోల్కొండ దగ్గర జనం ఎట్లుంటారో మీకు చెప్పక్కర్లేదు, ఫతే దర్వాజా దగ్గరే బండ్లు ఆగిపోయినయ్. టికెట్లు తీసుకుని బాలా హిసార్ గేటు దాటగానే మెడలో కార్డు వేసుకున్న ఒకతను పట్టుకున్నాడు. నలుగురికి 1,500. రెండు గంటలు తిప్పి, రామదాసు జైలు చూపించి, కొండ మీదున్న బారాదరి మండపం దాకా తనే వస్తానన్నాడు. "రష్ ఉంది సార్, ముందే కొట్టేయండి" అంటే ఫోన్‌లో పంపేశాం. కార్డు మీద ఏముందో ఒక్కరమూ చదవలేదు. ఆ తప్పు మాదే.

గేటు లోపలి గుమ్మటం కింద చప్పట్లు కొట్టి చూపించాడు, నగీనా బాగ్ చూపించాడు. మెట్ల మొదట్లో ఆగి, "మీరు పైకి పోండి, నేను కింద నుంచి మూడు చప్పట్లు కొడతా, బారాదరిలో వినండి. మళ్ళీ పైకొచ్చి మిగతాది చెప్తా" అన్నాడు. నమ్మాం. 360 దాకా మెట్లు. డెబ్బై ఏళ్ల నాన్నగారు మోకాళ్లు పట్టుకుని ఎక్కి, పైన గోడకు చెవి ఆనించి అరగంట నిలబడ్డారు. కింద వందల మంది చప్పట్లు కొడుతుంటే ఎవరివని తెలుస్తుంది?

దిగొచ్చేసరికి అతను అదే గుమ్మటం కింద ఇంకో కుటుంబానికి చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. అడిగితే నాన్నగారి మొహం మీదే, "కొట్టిన గదా, మీకు ఇనపడకపోతే నేనేం జెయ్యాలె? పైసలు వాపస్ ఉండవు" అని అటు తిరిగిపోయాడు. డబ్బుల కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటోంది. రామదాసు జైలంటే భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా బంధించిన గది, గోడ మీద రాముడి బొమ్మల గురించి దగ్గరుండి చెప్పించుకోవాలని నాన్నగారు ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నారు. చివరికి బోర్డు చూసుకుని తిరిగొచ్చేశారు.

వెళ్లేవాళ్లు కార్డు చేతిలోకి తీసుకుని చదవండి. కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) గానీ పర్యాటక శాఖ గానీ ఇచ్చిందయితే ఫోటో, నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఎక్కడెక్కడ ఆగుతాడో, పైదాకా వస్తాడో లేదో ముందే చెప్పించుకోండి. సగం బారాదరిలో, మిగతా సగం కిందికి దిగాక ఇవ్వండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

చప్పట్ల కోసం గైడే అక్కర్లేదు. ఆ గుమ్మటం లోపల పలకలు పలకలుగా కోసి ఉంటుంది, శబ్దం వాటికి తగిలి పైకి వెళ్తుంది. సరిగ్గా నడిమధ్యన నిలబడి కొట్టాలి, నాలుగడుగులు పక్కకు జరిగితే పలకదు. మీలో ఇద్దరు పైకెళ్లి ఫోన్ చేసి చెప్పండి, ఇద్దరు కింద కొట్టండి. సెలవు రోజయితే తొమ్మిదింటికి గేటు తీయగానే, జనం చేరకముందే చేయాలి. పెద్దవాళ్లుంటే ఎండ ఎక్కకముందే పైకి చేరతారు కూడా.

పంద్రాగస్టుకు మాత్రం పెట్టుకోకండి, రాష్ట్ర ప్రభుత్వ జెండా పండుగ అక్కడే.