పెద్ద ఉప్పునీటి అక్వేరియానికి డీసీ పంపు ప్రొటీన్ స్కిమ్మర్

800 లీటర్ల ఉప్పునీటి తొట్టికి వడపోత కావాలనగానే దుకాణాల్లో ముందుగా చూపించేది క్యానిస్టర్ ఫిల్టరే (మూసిన డబ్బాలో స్పాంజీల గుండా నీటిని పంపి వడగట్టే పరికరం). మంచినీటి చేపలకు అది చక్కగా సరిపోతుంది గానీ, సముద్రపు చేపల తొట్టిలో దాని స్పాంజీల్లో చిక్కిన వ్యర్థాన్ని తరచుగా కడిగి తీయకపోతే అది అక్కడే కుళ్ళి నైట్రేట్‌ను పెంచుతుంది. అందుకే మేము తొట్టి కింద సంప్ (పై తొట్టి నీరు దిగి, మళ్ళీ పైకి వెళ్ళే రెండో తొట్టి) కట్టించి, అందులో ఈ స్కిమ్మర్‌ను అమర్చుకున్నాము.

ఇది సన్నని గాలిబుడగలను నీటిలోకి వదులుతుంది; చేపల విసర్జన, మిగిలిన మేతలలోని సేంద్రియ పదార్థం ఆ బుడగలకు అంటుకుని, కుళ్ళి అమ్మోనియాగా మారకముందే నురుగై పైకెక్కి కప్పులో పడుతుంది. అలా చేరే ద్రవం చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది, వాసన మాత్రం భరించలేము. మొదట్లో నురుగు నిలకడగా రాకపోవడం కొత్త స్కిమ్మర్లకు మామూలే. పెట్టె మీద ముద్రించిన సామర్థ్యం చేపలు పలుచగా ఉన్న తొట్టికి వర్తించేది కనుక, చేపలు ఎక్కువైతే దాదాపు రెట్టింపు సామర్థ్యమున్నదాన్ని ఎంచుకోవడం మేలు. అయినా లైవ్ రాక్‌లోని (బ్యాక్టీరియా నివసించే సముద్రపు రాళ్ళలోని) బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చే పని ఇది చేయదు.

సంప్‌లో నీటిమట్టం మారితే నురుగు తీరు చెడుతుంది కాబట్టి ఆవిరైన నీటిని తనంతట తానే భర్తీ చేసే ఆటో టాప్-అప్ తప్పనిసరి; ఉప్పు ఆవిరి కాదు గనుక అందులో ఉప్పు కలపని ఆర్‌ఓ నీరే పోయాలి. కరెంటు పోయినప్పుడు పై తొట్టి నుంచి దిగే నీటికి సంప్‌లో ఖాళీ ఉంచాలి. పంపు చప్పుడు తక్కువే, కానీ కప్పు మెడ ఇరుకుగా ఉండడంతో లోపల పేరుకున్న జిడ్డును తుడవడం విసుగు పుట్టిస్తుంది.