లైనక్స్‌లో సౌండ్: బోర్డు మీదిది చాలా, కార్డు కొనాలా?

వినడానికే అయితే కొనొద్దు. మామూలు మదర్‌బోర్డుల మీద వచ్చే రియల్‌టెక్ 887, 897 చిప్‌లు లైనక్స్ కెర్నెల్లోనే ఉన్న హెచ్‌డీఏ అనే సౌండ్ డ్రైవర్‌తోనే నడుస్తాయి. బుసకన్నా సౌండ్ ఎంత పైన ఉంటుందో 887కి కంపెనీ ఇచ్చే లెక్క ప్లేబ్యాక్‌కు 97 డెసిబెల్స్, రికార్డింగ్‌కు 90. పాత పద్యనాటకాల క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాలన్నా వెనకవైపు నీలం లైన్-ఇన్ సరిపోతుంది. బుస తగ్గించే డాల్బీ లేని క్యాసెట్ ఆ లెక్కలో 60 డెసిబెల్స్ దాటడమే కష్టం. వినిపించే బుస టేపుదే, చిప్‌ది కాదు.

సౌండ్ రావట్లేదని కార్డు కొనబోయేవాళ్లు ముందు పావుకంట్రోల్ (సౌండ్ ఎటు పోవాలో ఎంచుకునే ప్రోగ్రామ్) తెరవండి. చాలాసార్లు సౌండ్ హెచ్‌డీఎంఐ దారిన మానిటర్‌కి పోతుంటుంది. కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో అనలాగ్ స్టీరియో డూప్లెక్స్ పెడితే సరి. కేబినెట్ ముందువైపు హెడ్‌ఫోన్ గుచ్చగానే వెనక స్పీకర్లు మూగబోతే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (alsamixer) తెరిచి, ఎఫ్6తో కార్డు ఎంచుకుని ఆటో-మ్యూట్ ఆపేయండి. పాట మొదలయ్యేటప్పుడు టప్పుమంటే అది కరెంటు ఆదాకు నిద్రపోయిన చిప్ లేస్తున్న చప్పుడు. డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫైళ్లలో హెచ్‌డీఏ ఇంటెల్ (snd_hda_intel) డ్రైవర్‌కి పవర్ సేవ్ (power_save) విలువ 0 చేసి రీబూట్ చేస్తే పోతుంది. వీటన్నిటికీ ఖర్చు సున్నా.

మైక్ దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. ముందువైపు జాక్ వైరు కేబినెట్లో గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్ల పక్కగా పోతుంది. మైక్ సౌండ్ పెంచే మైక్ బూస్ట్ 30 డెసిబెల్స్‌కి లేపారంటే గొంతుతోపాటు ఆ గోలంతా లేస్తుంది. బూస్ట్ 10కి దించి, మైక్ నోటికి జానెడు దూరంలో పెట్టి చూడండి. అయినా గుయ్ మంటుంటే అనుమానించాల్సింది కార్డును కాదు, ఎర్తింగ్‌ను. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. కేబినెట్ ఇనుము తాకితే జివ్వుమంటోందా, ఎర్త్ లేనట్టే. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకండి, గుయ్ ఆగితే దొంగ దొరికినట్టే. ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వాల్సిన డబ్బు సౌండ్ కార్డుకి పోస్తే ఆ గుయ్ కార్డులోనూ వస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి జాక్‌లు నల్లబడి గరగరలాడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

ఇవన్నీ చూశాకే కొనుగోలు. నెల్లూరు ట్రంక్ రోడ్డులో వెతికినా, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించినా, కొంటే యూఎస్‌బీదే కొనండి. కేబినెట్ గోలకి బయట ఉంటుంది, లైనక్స్‌లో చాలావరకు గుచ్చగానే పనిచేస్తుంది. అయితే కొన్ని వందలకే దొరికే యూఎస్‌బీ స్టిక్ మీద 7.1 (చుట్టూ ఎనిమిది స్పీకర్ల సౌండ్) అన్న రాత నమ్మొద్దు. చాలావాటిలో ఉండే సీ-మీడియా 108 తరహా చిప్ బయటికిచ్చేది స్టీరియో, లోపలికి తీసుకునేది మోనో. జూమ్ క్లాసులకు పర్లేదు, అంతే. బెహ్రింగర్ యూసీఏ222 అనే చిన్న యూఎస్‌బీ డబ్బా టేపులకు బాగుంటుంది, రికార్డింగ్ నాణ్యత 16 బిట్, 48 కిలోహెర్ట్జ్. మైక్ సౌండ్ పెంచే ప్రీఆంప్ లేదు కాబట్టి మైక్ నేరుగా పెడితే పిల్లి కూతే.

వాయిస్ ఓవర్ చెప్పేవాళ్లకు ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో అనే యూఎస్‌బీ డబ్బాకే మా ఓటు. నడవడానికి కరెంటు కావాల్సిన కండెన్సర్ మైక్‌కి 48 వోల్టులు ఇస్తుంది. లైనక్స్‌లో సౌండ్ నడిపించే పైప్‌వైర్ ఒక్కోసారి పోగుచేసి పంపే మామూలు బఫర్ 1024 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 21 మిల్లీసెకన్లు. అంత ఆలస్యంతో సొంత గొంతు చెవిలో పడితే మాట తడబడుతుంది, అందుకే గొంతుని కంప్యూటర్ చుట్టూ తిప్పకుండా నేరుగా వినిపించే, సోలో మీది డైరెక్ట్ మానిటర్ స్విచ్ వేసుకోవాలి. మూడో తరం సోలో కొత్తది గుచ్చగానే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తే కంగారొద్దు. 48వీ బటన్ నొక్కిపట్టి మళ్లీ కలపండి.

మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో గుచ్చే కార్డులకు మార్కులు తక్కువ. సౌండ్ బ్లాస్టర్ జెడ్‌కి డ్రైవర్ ఉంది గానీ కార్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా కావాలి, డబ్బాపై గొప్పగా చెప్పే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే.

ఏది కొన్నా ల్యాప్‌టాప్, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్ మింట్ (లైవ్) పెన్‌డ్రైవ్ షాపుకి పట్టుకెళ్లండి. అక్కడే బూట్ చేసి, సౌండ్ సెట్టింగుల ఇన్‌పుట్ ట్యాబ్‌లో గీత కదులుతుందో లేదో చూశాకే డబ్బులివ్వండి.