స్కోలియోసిస్ బ్రేస్: డబ్బు కట్టే ముందు ఏం చూడాలి

పిల్లకి వెన్నెముక వంకర (స్కోలియోసిస్) ఉందని, బ్రేస్ (ఒంటి చుట్టూ బిగించే గట్టి ప్లాస్టిక్ కవచం) వేయాలని డాక్టర్ చెప్పగానే "ఇది నిజంగా పనిచేస్తుందా" అని వెతుక్కునే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. పనిచేస్తుంది. కానీ సరిగ్గా తయారుచేసి, సరిచేస్తూ ఉండే ఆర్థోటిస్ట్ దొరికితేనే.

మా అమ్మాయికి 12 ఏళ్లు, మొదటి ఎక్స్‌రేలో కాబ్ యాంగిల్ (వెన్నెముక ఎంత వంగిందో చెప్పే కోణం) 29 డిగ్రీలు, ఎదుగుదల ఇంకా చాలా మిగిలుంది. ఎదిగే వయసులో 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బ్రేస్ వేస్తారు, 50 దాకా పోతే ఆపరేషన్ మాట వస్తుంది. ఒకటి ముందే మనసులో పెట్టుకోండి: వంకరను పెరగకుండా ఆపడమే దీని పని, తీసేశాక వీపు నిటారుగా వచ్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. 2013లో వచ్చిన అమెరికా, కెనడా అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మంది 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల పూర్తిచేసుకున్నారు, వేసుకోనివాళ్లలో అది 48 శాతం. రోజుకు 13 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్లలో 90 శాతం దాటింది. ఎన్ని గంటలు ఒంటి మీద ఉందో బ్రేస్‌లో పెట్టిన చిన్న సెన్సర్‌తో కొలిచారు కాబట్టి ఈ లెక్కను నేను నమ్ముతాను.

ఇక మేం కొన్నవాటి సంగతి. మొదట హైదరాబాద్‌లో ఒకచోట టేపుతో కొలతలు తీసుకుని, దాదాపు రెడీమేడ్ లాంటిదే ఇచ్చారు. చంక కింద అంచు గుచ్చుకునేది, తుంటి ఎముక దగ్గర చర్మం కమిలిపోయేది, అడిగితే "అలవాటైపోతుందమ్మా" అన్నారు. బ్రేస్ వేసి ఎక్స్‌రే తీయిస్తే 27 డిగ్రీలు! అంత బాధపడి వేసుకుంటే పిల్లకి దక్కింది రెండు డిగ్రీలు, నాకు చాలా కోపం వచ్చింది.

రెండోచోట కొలతల కోసం ఒళ్లంతా స్కాన్ చేశారు, ఎక్స్‌రే పక్కన పెట్టుకుని ఎక్కడ నొక్కాలో, ఆ ఎదురు వైపు ఒళ్లు జరగడానికి ఎక్కడ ఖాళీ వదలాలో మా అమ్మాయికే చూపిస్తూ చెప్పారు. దానికి ఎదురు ప్రశ్నలు అడిగే అలవాటు, అన్నిటికీ ఓపికగా జవాబిచ్చారు. వేసి చూశాక గుచ్చుకున్నచోట అక్కడికక్కడే అంచు వేడిచేసి వంచారు. ఈ బ్రేస్‌తో ఎక్స్‌రేలో 15 డిగ్రీలు వచ్చింది. కాబట్టి వేసుకున్నప్పుడు ఎక్స్‌రే తీయించకుండా ఏ బ్రేస్‌నీ ఒప్పుకోకండి.

మా ఊరి ఎండలకి ఇది కష్టమే, దాచను. లోపల కుట్లు లేని పల్చటి కాటన్ బనియన్, ముడతలు పడకుండా లాగి వేయాలి, ఎండాకాలం రోజుకి రెండుమూడు మార్చాలి, లేకపోతే చెమటకాయలు. తీశాక ఎర్రటి మచ్చలు అరగంటలో పోతే ఫర్వాలేదు, పోకపోతే మళ్లీ సరిచేయించాలి. పొట్ట నొక్కుకుపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినిపిస్తున్నాం. యూనిఫామ్ ఒక సైజు పెద్దది కుట్టించాం. ఆటల పీరియడ్‌లో తీసేస్తుంది, ఆ టైమ్ దానిదే, అందులో నేను లెక్క అడగను. చుట్టాలు వచ్చినప్పుడు కూడా "వేసుకున్నావా" అని అందరి ముందు అడగొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను, ఎందుకంటే రోజంతా ఆ గట్టి ప్లాస్టిక్‌లో కూర్చునేది అది, మనం కాదు.

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి వచ్చే ఎలాస్టిక్ పోశ్చర్ బెల్టులు స్కోలియోసిస్‌కి పనికిరావు, వాటితో నెలలు గడిపితే పిల్ల ఎదిగే కాలం పోతుంది. ఫిజియోథెరపీ మాత్రం మేం బ్రేస్‌తో పాటు చేయిస్తున్నాం, వీపు కండరాలు బలంగా ఉండటానికి.

మొన్న బ్రేస్ లేకుండా తీయించిన ఎక్స్‌రేలో 30 డిగ్రీలు. ఒక్క డిగ్రీ పెరిగిందని టెన్షన్ పడ్డాం గానీ, ఐదు డిగ్రీల దాకా తేడా కొలతలోనే రావచ్చు, పెరగనట్టే అన్నారు డాక్టర్ గారు. అమ్మాయి పొడుగైంది కాబట్టి త్వరలో కొత్తది చేయించాలి. అందుకే డబ్బు కట్టే ముందే అడగండి: సరిచేయడానికి ఎన్నిసార్లు రావచ్చు, దానికి మళ్లీ తీసుకుంటారా, పిల్ల ఎదిగితే రెండో బ్రేస్‌కి ఎంత. సూటిగా చెప్పనిచోట చేయించకండి.