గోడా, కొండా: ఎక్కడం కళగా నేర్చుకోవాలంటే

శిలారోహణం కళే అని నా గట్టి నమ్మకం. బెంగళూరులో దాన్ని నేర్చుకోదలచిన తెలుగువారి ముందు రెండు దారులున్నాయి: నగరంలో ఎక్కడం కోసమే కట్టిన కృత్రిమ గోడ, రామనగర కొండలు.

ఖర్చు: గోడకు ప్రవేశ రుసుము, అద్దె బూట్లు చాలు. కొండకు తాడు, హెల్మెట్, అనుభవమున్న గురువు, సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణం.

శ్రమ: గోడకు ఒక సాయంత్రం సరిపోతుంది. కొండకు తెల్లవారకముందే బయలుదేరాలి. ఎండెక్కితే గ్రానైట్ కాలుతుంది, చెమటకు చేతిపట్టు జారుతుంది.

ప్రమాదం: గోడ కింద పరుపులున్నా మడమ బెణకవచ్చు. కొండ మీద తాడు ముడి తప్పితే ప్రాణమే పోతుంది. రామనగరలోని రామదేవర బెట్ట అనే కొండ రాబందుల అభయారణ్యం కూడా, అక్కడ అనుమతి లేకుండా ఎక్కకండి.

కళ: గోడ మీద చేతులు, కాళ్లు ఆనించే పట్లను ఒక మనిషి అమర్చాడు. ఏ చెయ్యి ఎప్పుడు చాచాలో ముందే ఊహించాడు. నాట్యాచార్యుడు కూర్చిన జతిని మనం ఆడినట్టే. టోక్యో ఒలింపిక్స్‌లో 2021లో తొలిసారి పోటీగా చేరిందీ ఈ గోడ ఎక్కడమే. రామనగర రాయిని ఎవరూ కూర్చలేదు. నున్నని వాలులో చేతికి ఏమీ అందదు. అరికాలి రాపిడిని నమ్మి, బరువు మారుస్తూ, రాగాలాపనలా దారిని అప్పటికప్పుడు అల్లుకోవాలి. నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

కొత్తవారికి, పిల్లలకు, వారాంతం ఖాళీ లేనివారికి గోడే మేలు. పాదాల మీద నమ్మకం కుదిరి, మంచి తోడు దొరికినవారు కొండకే వెళ్లాలి.