క్లాక్ టవర్ దిక్కు పెయింటర్ అన్న: బోర్డులే కాదు, క్యాన్వాసులు గూడ చూడున్రి

నల్లగొండల మా లక్ష్మి టైలర్స్ బోర్డు ఈ అన్ననే రాసిండు. రేకుకు రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరినంక సుద్ద దారం పట్టి గీతలేసిండు. అక్షరాలకు అచ్చు లేదు, అంతా చెయ్యే. 'లక్ష్మి'ల మ వత్తును కింది గీతకు తగలకుండ, కుంచె వేళ్ల నడుమ తిప్పుకుంట ఒక్క ఊపుల దించిండు. ఎర్ర అక్షరం, పసుపు అంచు, పక్కకు నల్ల షేడ్. ఆ షేడ్‌కే పైసలియ్యొచ్చు.

మొదలు రాత్రిళ్లు గోడల మీద స్ప్రే డబ్బాలతోని బొమ్మలేసెటోడట. బోర్డులు రాసుడు పట్టినంకనే గీత కుదిరిందంటడు. ఇప్పుడు దుకాణం వెనుక క్యాన్వాసులున్నయి. ఒకదాంట్ల మూతపడ్డ ఎరువుల దుకాణం షట్టర్, దాని తుప్పు సుత బోర్డుల ఎనామిల్‌తోనే ఏసిండు. నాకు మస్తు నచ్చింది. అమెరికాల స్టీఫెన్ పవర్స్ గూడ గ్రాఫిటీ, అంటె ఇట్ల గోడల మీద స్ప్రే బొమ్మల నుంచి బోర్డుల రాతకు, గ్యాలరీలకు వచ్చినోడే. 2009ల ఫిలడెల్ఫియా రైలు దారెంట గోడల మీద ప్రేమలేఖ రాసిండు.

ధర ఫ్లెక్సు కంటె ఎక్కువే. చెప్పిన రోజుకు ఇయ్యడు, పండుగ ముంగట అసలే అడగొద్దు. అయినా మన ఎండలకు ఫ్లెక్సు ఎన్నాళ్లుంటది? తొందర లేనోళ్లు ఇక్కడికే పోండ్రి.