కాల్చకుండా తిరిగిరావడంలోనే మజా: ఎఫ్-19, గన్‌షిప్, టోమాహాక్ మూడూ బాగా ఆడాక

ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్ అంటే రాడార్‌కి దొరక్కుండా ఎగిరే యుద్ధ విమానాన్ని నడిపే పాత కంప్యూటర్ ఆట. దాని గురించి ఎవరిని కదిపినా ఎన్ని రకాల బాంబులున్నాయో, ఎన్ని మ్యాపులున్నాయో చెప్తారు. నాకు మాత్రం ఆ ఆటంటే కాక్‌పిట్‌లో ఉండే ఒక చిన్న మీటరే. మన విమానం రాడార్‌కి ఎంత కనబడుతోందో ఒక పట్టీ చూపిస్తుంది, అవతలి రాడార్లు ఎంత గట్టిగా వెతుకుతున్నాయో దానికి ఎదురుగా ఇంకో పట్టీ వస్తూ పోతూ ఉంటుంది, రెండూ తగులుకున్నాయంటే దొరికిపోయినట్టే. వేగం పెంచితే మన పట్టీ పెరుగుతుంది, ఎత్తుకి పోతే పెరుగుతుంది, గట్టిగా మలుపు తిప్పినా పెరుగుతుంది, బాంబుల అర తలుపు తెరిస్తే ఇక చెప్పక్కర్లేదు. ఒక్క గుండు కూడా పేలకుండా ఇంత టెన్షన్ పెట్టిన యుద్ధం ఆట ఆ కాలంలో నాకింకోటి కనబడలేదు.

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. ఇక్కడ పాత మెషిన్లు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతాయి, అలా స్పెక్ట్రమ్, కమడోర్ 64, అమీగా 500 అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్లు మూడూ మా ఇంటికి చేరాయి. కాబట్టి ఇది ఎమ్యులేటర్ (పాత మెషిన్‌ని కొత్త కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) మీద ఓ సాయంత్రం ఆడి రాస్తున్నది కాదు.

టోమాహాక్ 1985ది. చేసిన డిజిటల్ ఇంటిగ్రేషన్ కంపెనీ వాళ్ళు అప్పట్లో ఉండేది మాకు దగ్గర్లోని క్యాంబర్లీలోనే. స్పెక్ట్రమ్‌లో ఉన్న 48కె మెమరీలోనే అపాచీ హెలికాప్టర్‌ని అంత చలాకీగా ఎలా ఎగరేయించారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేల మీద చుక్కలు, గీతల చెట్లు, కరెంటు స్తంభాలు, అంతే, కానీ కిందకి దిగి ఎగిరితే అవి దూసుకుపోయే తీరులో వేగం నిజంగా తెలుస్తుంది. రాత్రి పూట, మబ్బుల్లో, పక్క గాలిలో కూడా ఎగరొచ్చు. పది నిమిషాలే ఖాళీ ఉన్న రోజున నేను పెట్టేది ఇదే.

గన్‌షిప్ కూడా అపాచీయే, మైక్రోప్రోజ్ వాళ్ళు 1986లో కమడోర్ 64కి తెచ్చారు. ఇది ఇంకా లోతైన ఆట. ఇంజన్లు రెండూ విడివిడిగా స్టార్ట్ చేసి, రోటర్‌ని కలిపితే గానీ నేల వదలదు. పైలట్ పేరు డిస్కులో ఉంటుంది, పతకాలు పేరుకుంటాయి, చచ్చిపోతే మాత్రం చచ్చిపోయినట్టే. ఇవన్నీ నాకు నచ్చినవే. కానీ పక్కకి తిరిగేటప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, టోమాహాక్ చేతికిచ్చిన ఆ పట్టు ఇక్కడ రాదు. పైగా ఏ కీ దేనికో తెలియడానికి కీబోర్డు మీద పరుచుకునే కాగితం ఒకటి పెట్టెతో వచ్చేది, నాకు అమ్మినాయన ఇచ్చిన పెట్టెలో అది లేదు. ఆట బాగాలేదని కాదు, ఆ కాగితం ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ నచ్చుతుంది.

మళ్ళీ ఎఫ్-19కి వస్తా. పర్షియన్ గల్ఫ్ మ్యాపు, కోల్డ్ వార్ నిబంధనలు, పని ఒక స్థావరాన్ని ఫోటో తీసుకురావడం. కోల్డ్ వార్ అంటే మనం అక్కడికి వెళ్ళినట్టే ఎవరికీ తెలియకూడదు, అడ్డమొచ్చిన ప్రతిదాన్నీ కూల్చుకుంటూ పోతే పాయింట్లు పోతాయి. తీరం దాటేసరికి ముందు పల్స్ రాడార్, కాస్త పక్కగా డాప్లర్ అనే ఇంకో రకం రాడార్. ఇక్కడే ఆట అందం. పల్స్ రాడార్‌కి ముక్కు చూపిస్తూ వెళ్తే తక్కువ కనబడతాం. డాప్లర్ అలా కాదు, అది మనం దగ్గరకొస్తున్నామా దూరం పోతున్నామా అని చూస్తుంది, కాబట్టి దానికి అడ్డంగా పోవాలి. రెండూ ఒకేసారి ఉంటే ఒకదాన్ని తప్పించుకునే దిక్కు ఇంకోదానికి ఎదురు పడొచ్చు. ఇంజన్ తగ్గించి, కిందకి దిగి, ఆ రెండింటి మధ్య వంకర దారి పట్టుకుని పోతుంటే ఎదురుగా గస్తీ విమానాలు రెండు. మిసైల్ సిద్ధంగా ఉంది, అంత దగ్గరలో గురి తప్పదు కూడా. కానీ కొట్టాలంటే అర తలుపు తెరవాలి, తెరిస్తే పట్టీ ఎగబాకుతుంది. వేగం ఇంకా తగ్గించి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పక్కకి ఒంగాను. రెండు పట్టీల మధ్య సందు దాదాపు మూసుకుపోయింది, అలాగే కాసేపు నిలబడింది, తర్వాత విడిపోయింది. వాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. కెమెరా ఉండేదీ ఆ అరలోనే, అందుకే ఫోటో తీసినంతసేపే తలుపు తెరిచి, మళ్ళీ మూసేసి ఇంటిదారి పట్టాను. దిగాక మన దారి మొత్తం మ్యాపు మీద గీసి, ఎక్కడ ఏం జరిగిందో వరసగా చూపిస్తారు కదా, అందులో శత్రువు నన్ను చూసినట్టు ఒక్కచోట కూడా లేదు. ఒక్క విమానం కూల్చలేదు, అయినా ఏ ఆటలోనూ అంత గెలిచినట్టు అనిపించలేదు.

ఇక చాలాకాలం ఆడాక తెలిసేవి కొన్ని ఉన్నాయి. రాడార్ల అలవాట్లు ఒంటబట్టాక కిందుగా, మెల్లగా పోతే చాలా మిషన్లు గడిచిపోతాయి, పైన చెప్పిన ఆ బిగువు ప్రతిసారీ రాదు. కొండలంటే పిరమిడ్లే. అమీగా 500లో స్థావరాల మీదకి వెళ్ళేసరికి బొమ్మ బరువెక్కుతుంది కూడా, గన్‌షిప్‌ని అన్న మాట కొంతవరకు దీనికీ వర్తిస్తుంది. విమానం కూడా ఊహే. ఈ ఆట 1988లో మొదట పీసీకి వచ్చింది, అసలు స్టెల్త్ విమానం ఎఫ్-117 ఫోటో అమెరికా వాళ్ళు బయటపెట్టింది అదే ఏడాది నవంబరులో. ఆటలోని విమానం నున్నగా వంపులు తిరిగి ఉంటుంది, నిజమైనది పలకలు పలకలుగా ఉంది, దానికి తుపాకీ కూడా లేదు. కానీ దాక్కుని వెళ్ళి రావడమే ఆ విమానం పని అన్న సంగతిని మాత్రం ఆట సరిగ్గా పట్టుకుంది, నాకది చాలు.

కొనమంటారా అంటే, అది మీ తీరికని బట్టి. ఒక మంచి మిషన్‌కి నాకు గంట దాకా పడుతుంది, పిల్లలు పడుకున్నాక గానీ నాకు కుదరదు. చేతిలో జాయ్‌స్టిక్, పక్కన మాన్యువల్ ఉంటేనే ఎఫ్-19 జోలికి వెళ్ళండి, పైలట్‌గా చేరే ముందు విమానం బొమ్మ చూపించి దాని పేరడుగుతుంది, అది మాన్యువల్‌లోనే ఉంటుంది. గాల్లో విమానాలు ఒకదాన్నొకటి తరుముకుని కొట్టుకునే డాగ్‌ఫైట్లే కావాలనుకునేవాళ్ళకి ఇది విసుగు పుట్టించొచ్చు. స్పెక్ట్రమ్ ఒక్కటే ఉన్నవాళ్ళు టోమాహాక్ తీసుకోండి, ముందు రాత్రి పూట కాకుండా పగలు, గాలి లేకుండా పెట్టుకుని మొదలుపెట్టండి.